పెరిగిన ధర వెనక క్యూలో ఉన్న కార్డులు: 2020–21 బూమ్‌పై కేస్ స్టడీ

2021 జనవరి 30న అమెరికాలో గోల్డిన్ వేలంలో ఆటగాళ్ల బొమ్మలతో వచ్చే సేకరణ కార్డులు, ఒకే రకానివి, రెండు అమ్ముడయ్యాయి. రెండూ ఫ్లీర్ కంపెనీ 1986–87 సెట్‌లోని 57వ నంబరు, బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ కార్డులు. కార్డు ఎంత బాగుందో పరిశీలించి పదికి గ్రేడు ఇచ్చే పీఎస్‌ఏ సంస్థ రెండింటికీ ఇచ్చిన గ్రేడు 10. ఒక్కోటి 7,38,000 డాలర్లు పలికింది. కొద్ది వారాల ముందు వరకు ఇదే కార్డు ఇదే గ్రేడులో అందులో సగం కూడా పలకలేదు. ఆ ఏడాది వేసవికల్లా ధర రెండు లక్షల డాలర్ల స్థాయికి జారింది.

ఆర్నెల్లలో కార్డులో ఏమీ మారలేదు. బొమ్మ అదే, గ్రేడు అదే, జోర్డాన్ పేరుకూ ఏమీ కాలేదు. అయినా ధర మూడో వంతుకు వచ్చింది. ఇప్పుడు మళ్లీ కార్డుల ధరలు పరుగెడుతున్నాయి. పోకేమాన్ అయినా, బాస్కెట్‌బాల్ అయినా, క్రికెట్ అయినా, కొత్తగా సేకరణలోకి దిగేవాళ్లు మొదటి కార్డు కొనేలోపు ఈ పతనం ఎలా జరిగిందో తెలుసుకోవాలి.

ధర ఎందుకు నిలబడలేదు

2020 వసంతంలో లాక్‌డౌన్. ఆటలన్నీ ఆగిపోయాయి. ఏప్రిల్, మే నెలల్లో బుల్స్ జట్టులో జోర్డాన్ చివరి సీజన్ మీద పది భాగాల డాక్యుమెంటరీ సిరీస్ టీవీలో వచ్చింది. ఇంట్లో కూర్చున్న జనం అటక మీది డబ్బాలు దించారు. చిన్నప్పటి కార్డులు కొనుక్కోవాలన్న కోరిక, చేతిలో మిగిలిన డబ్బు, ఫోన్‌లోనే వేలం వేసుకునే వీలు, ఈ మూడూ ఒకేసారి కలిశాయి. గిరాకీ నిజమైనదే. కానీ గిరాకీ రోజుల్లో పెరుగుతుంది, సరుకు నెలల తర్వాత వస్తుంది. ఆ మధ్య దూరంలోనే ధర అంతెత్తుకు లేస్తుంది. కొత్తవాళ్లు దిగేదీ సరిగ్గా అప్పుడే.

పీఎస్‌ఏ 10 జోర్డాన్ కార్డులు ప్రపంచం మొత్తం మీద మూడు వందల పైచిలుకు ఉన్నాయి. "ఇంత తక్కువుంటే ధర ఎలా పడుతుంది?" అని ఆ రోజుల్లో చాలామంది అడిగారు. మొత్తం ఎన్ని ఉన్నాయన్నది ఒక లెక్క. ఈ నెలలో అమ్మకానికి ఎన్ని వస్తాయన్నది ఇంకో లెక్క. మామూలు రోజుల్లో మూడు వందల యజమానుల్లో ఒకరో ఇద్దరో అమ్ముతారు. ఏడు లక్షలు పలికిందని వార్త రాగానే, పదేళ్లుగా కదలని కార్డులు కూడా వేలానికి వస్తాయి. ఆ ధరకు కొనగలిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లు కొనేశాక మిగిలిన కార్డులకు అంత ఇచ్చేవాడు ఉండడు.

ఇది అరుదైన కార్డు సంగతి. కొత్తవాళ్లు ఎక్కువగా కొనేది పైకి అరుదైనవిగా అనిపించే కార్డులు. వాటి పతనం ఇంకా లోతుగా ఉంటుంది.

పనీని కంపెనీ 2019–20 ప్రిజ్మ్ సెట్‌లో 248వ నంబరు, బాస్కెట్‌బాల్ ఆటగాడు జయాన్ విలియమ్సన్ రూకీ కార్డు (తొలి సీజన్ కార్డు) దీనికి ఉదాహరణ. బూమ్‌లో పీఎస్‌ఏ 10 గ్రేడులో వందల డాలర్లకు అమ్ముడైంది, తర్వాత పదుల్లోకి వచ్చింది. ఆటగాడి గాయాలు ఒక కారణం. పెద్ద కారణం, ఆ గ్రేడులోనే ఆ కార్డుల సంఖ్య ఇరవై వేలు దాటిపోవడం. ఎగబడి కొన్నవాళ్లకు ఆ ఇరవై వేలు కనబడలేదు, ఎందుకంటే అప్పటికి చాలా కార్డులు గ్రేడింగ్ క్యూలో ఉన్నాయి. 2021 మార్చి చివర్లో పీఎస్‌ఏ తన చవక, మధ్యస్థ సర్వీసులన్నీ ఆపేసింది. అంతకుముందు మూడు నెలల్లో వచ్చినన్ని కార్డులకన్నా ఎక్కువ కార్డులు మూడు రోజుల్లో వచ్చిపడ్డాయని సంస్థ అధిపతే ప్రకటించారు. చలికాలంలో పంపిన కార్డులు చాలామందికి నెలల తర్వాత, కొందరికి ఏడాది దాటాక తిరిగొచ్చాయి. అప్పటికి మార్కెట్ దిగిపోయింది. అందరి కార్డులూ ఇంచుమించు ఒకే కాలంలో తిరిగొచ్చి, ఒకే కాలంలో అమ్మకానికి చేరాయి.

క్యూలో ఉన్న కార్డు ఏ లెక్కలోనూ కనబడదు. బూమ్‌లో దెబ్బతినేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

ప్రెస్ ఆగదు

పోకేమాన్‌లో సరుకు ఇంకో దారిలో వస్తుంది. పాత కార్డుల సంఖ్య పెరగదు గానీ కొత్త సెట్‌లను కంపెనీ ఎంతైనా అచ్చు వేయగలదు. పోకేమాన్ కంపెనీ చెప్పిన లెక్కల ప్రకారం 2021 మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో అచ్చయిన కార్డులు సుమారు 370 కోట్లు. మరుసటి ఏడాది 900 కోట్లు దాటాయి. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో సుమారు 1,190 కోట్లు. 2025 మార్చి నాటికి మొదటినుంచీ అచ్చయినవన్నీ కలిపి సుమారు 7,500 కోట్లు. వాటిలో సగానికి పైగా చివరి నాలుగైదేళ్లలోనే వచ్చాయి.

అందుకే షాపులో సరుకు అయిపోవడాన్ని అరుదుతనం అనుకోకూడదు. 2021 మేలో అమెరికాలోని టార్గెట్ దుకాణాలు కొంతకాలం కార్డుల అమ్మకమే ఆపేశాయి. విస్కాన్సిన్‌లోని ఒక దుకాణం పార్కింగ్‌లో కార్డుల కోసం కొట్లాట జరగడం దానికి కారణం. అరలు ఖాళీగా ఉన్న ఆ వారాల్లో రెట్టింపు ధరకు బాక్సులు కొన్నవాళ్లున్నారు. తర్వాత రీప్రింట్లు వచ్చాయి. 2025 జనవరిలో ప్రిస్మాటిక్ ఎవల్యూషన్స్ సెట్ వచ్చినప్పుడు కూడా ఇదే వరస: మొదటి వారం అరలు ఖాళీ, ఆన్‌లైన్‌లో రెట్టింపు ధర, ఆ తర్వాత అచ్చు మీద అచ్చు.

ఆచరణలో పాటించాల్సింది ఇది. ఇంకా అచ్చులో ఉన్న సెట్ నుంచి విడి కార్డు కావాలంటే విడుదలైన మొదటి రెండు మూడు వారాలు కొనకండి. ఆ రోజుల్లో ప్యాకెట్లు విప్పి అమ్మేవాళ్లు తక్కువ, కావాలనేవాళ్లు ఎక్కువ. రెండో నెలకు చాలా కార్డులు దిగుతాయి. సెట్‌లో అందరూ కోరే ఒకటి రెండు బొమ్మలు మాత్రం దిగకపోవచ్చు. వాటికోసమని మిగతావన్నీ తొందరపడి కొనాల్సిన పని లేదు.

అడిగే ధర, పలికిన ధర

ఈబేలో కార్డు పేరు కొట్టగానే కనబడేవి అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. వాటిని పట్టించుకోవద్దు. ఫిల్టర్లలో "సోల్డ్ ఐటమ్స్" పెడితే గత మూడు నెలల్లో నిజంగా అమ్ముడైనవి కనబడతాయి. వాటిలో కొట్టేసినట్టు అడ్డగీతతో ఉన్న ధరలు బేరమాడి తగ్గించినవి. అసలు ఎంతకు తెగిందో 130పాయింట్ సైట్‌లో చూడొచ్చు.

అదే కార్డు, అదే గ్రేడు, చివరి పది అమ్మకాలు కాగితం మీద రాసుకోండి. తేదీ కూడా రాయండి. పైన రెండు, కింద రెండు కొట్టేయండి. మిగిలిన ఆరింటి మధ్య ధరే ఈ రోజు ధర. పైన రెండూ ఎందుకు కొట్టేయాలంటే, వేలంలో గెలిచి డబ్బు కట్టనివాళ్లున్నారు, సొంత కార్డు మీద వేరే ఖాతాతో పాడేవాళ్లూ ఉన్నారు. అలా వచ్చిన ధరలు కూడా జాబితాలో రికార్డులుగా మిగిలిపోతాయి. పది అమ్మకాలు దొరకడానికి మూడు నెలలు పడుతోందంటే ఆ కార్డు అమ్మడం కూడా అంతే కష్టం. అది ముందే తెలిసి కొనాలి.

తర్వాత పాప్ రిపోర్ట్. ఏ కార్డుకు ఏ గ్రేడు ఎన్నిసార్లు ఇచ్చారో పీఎస్‌ఏ తన సైట్‌లో ఉచితంగా చూపిస్తుంది. గ్రేడు 10 సంఖ్య ఈ రోజు రాసుకోండి, నెల తర్వాత మళ్లీ చూడండి. 400 ఉన్నది 410 అయితే నెమ్మదిగా పెరుగుతోంది. 400 ఉన్నది 560 అయితే క్యూ ఇంకా ఖాళీ కాలేదు, ఆగాలి. ఒక జాగ్రత్త: స్లాబ్ (గ్రేడు ఇచ్చాక కార్డును పెట్టి సీల్ చేసే గట్టి ప్లాస్టిక్ పెట్టె) పగలగొట్టి మళ్లీ పంపిన కార్డులు రెండుసార్లు లెక్కకొస్తాయి కాబట్టి ఈ సంఖ్య అసలుకంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది. మనకు కావాల్సింది పెరుగుదల వేగం. ఆ పనికి ఈ లెక్క సరిపోతుంది.

కార్డు చేతికొచ్చాక

ఇక్కడ నెమ్మదిగా చూడాలి. కొత్తవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఈ పరీక్ష వదిలేయడం వల్లే.

మొదట సెంటరింగ్, అంటే బొమ్మ కార్డుకు సరిగ్గా మధ్యలో ఉందా అన్నది. మిల్లీమీటర్ల స్కేలు కార్డు మీద నేరుగా పెట్టకండి, స్లీవ్‌లో (పలుచని ప్లాస్టిక్ తొడుగులో) ఉంచి కొలవండి. ఎడమ అంచు 3.5 మి.మీ., కుడి అంచు 2.5 మి.మీ. అనుకుందాం. మొత్తం 6. 3.5 అంటే 6లో సుమారు 58 శాతం. అంటే సెంటరింగ్ 58/42. గ్రేడు 10కి ముందువైపు 55/45, వెనకవైపు 75/25 దాటకూడదన్నది ఇప్పటి కొలత. ముందువైపు ఒకప్పుడు 60/40 వరకు ఒప్పుకునేవారు. కాబట్టి పాత స్లాబుల్లో 10 వచ్చిన కార్డుతో పోల్చి "నాది కూడా అలాగే ఉంది కదా" అనుకుంటే నష్టపోతారు. పై అంచు, కింది అంచు కూడా ఇలాగే కొలవాలి. ఇది చాలామంది మరచిపోతారు.

తర్వాత ఉపరితలం. గదిలో దీపాలు ఆపి, ఒకే ఎల్‌ఈడీ లైటు కింద కార్డును ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. తిన్నగా చూస్తే కనబడని గీతలు, అచ్చు యంత్రం రోలర్ వదిలిన సన్నని చారలు, గోరు గుంటలు వెలుగు జారేటప్పుడు మెరుస్తాయి. హోలో కార్డుల (మెరిసే రేకు పొర ఉన్నవాటి) మీద ఇది తప్పనిసరి. మూలలు, అంచులు పదిరెట్ల భూతద్దంలో చూడండి. రంగు అంచులున్న కార్డుల్లో తెల్లటి కాగితం చుక్కలా బయటపడితే గ్రేడు పడిపోతుంది. ఆ జోర్డాన్ కార్డుకు గ్రేడు 10 అంత అరుదుగా రావడానికి ఒక కారణం ఇదే. చుట్టూ ఉన్న ఎరుపు, నీలం అంచుల్లో గోటి గీటంత దెబ్బ తగిలినా తెల్లగా కనబడుతుంది.

అసలో నకిలీయో తేల్చడానికి అదే భూతద్దం పనికొస్తుంది. అసలు కార్డుల్లో బొమ్మ రంగు చుక్కలతో ఏర్పడుతుంది గానీ నల్ల అక్షరాలు, నల్ల గీతలు నిండుగా, అంచు తెగినట్టు ఉంటాయి. స్కాన్ చేసి మళ్లీ అచ్చు వేసిన నకిలీల్లో ఆ నల్ల అక్షరం కూడా చుక్కలుగా విడిపోతుంది. మీ దగ్గరున్న చవక అసలు కార్డు ఒకటి పక్కన పెట్టుకుని చూడండి, తేడా అర నిమిషంలో తెలుస్తుంది.

పోకేమాన్ తొలి బేస్ సెట్‌ విషయంలో ఇంకాస్త లోతుగా చూడాలి. అమెరికాలో 1999 జనవరిలో వచ్చిన ఆ సెట్‌లో 102 కార్డులు. చారిజార్డ్ 4వ నంబరు. ఇంగ్లిష్‌లో తొలి అచ్చు మీద బొమ్మకు ఎడమవైపు కింద "ఫస్ట్ ఎడిషన్" ముద్ర ఉంటుంది. ఆ తర్వాత ముద్ర లేని, బొమ్మ చట్రానికి కుడి అంచున నీడ లేని అచ్చు. ఆ తర్వాతది నీడ ఉన్నది, ఎక్కడ చూసినా దొరికేది. కింద కాపీరైట్ గీతలో నింటెండో పేరు ముందు ఏడాదుల వరుస చూడండి: నీడలేని అచ్చులో 95, 96, 98, 99 అని ఉంటుంది. నీడ ఉన్న మామూలు అచ్చులో ఆ వరుసలో 99 ఉండదు. బేస్ సెట్‌లో ఫస్ట్ ఎడిషన్ ముద్ర ఉండి నీడ కూడా ఉందంటే, ఆ ముద్ర తర్వాత ఎవరో కొట్టినదే. మచాంప్ అనే ఒక్క కార్డుకే మినహాయింపు. స్టార్టర్ డెక్‌లో ఇచ్చిన మచాంప్‌కు నీడ ఉన్నా ముద్ర ఉంటుంది. అందుకే "ఫస్ట్ ఎడిషన్ మచాంప్" అని గొప్పగా పెట్టిన ధరలు నమ్మవద్దు, అది చాలా దొరుకుతుంది.

స్లాబ్‌లో ఉన్నదంతా అసలనీ అనుకోకండి. నకిలీ స్లాబ్ చేసేవాళ్లు నిజమైన సర్టిఫికెట్ నంబరే వాడతారు. నంబరు కొడితే కార్డు పేరు సరిపోతుంది. సంస్థ సైట్‌లో ఆ నంబరుకు ఫొటో ఉంటే దాంతో మీ కార్డు సెంటరింగ్, అంచు మీది చిన్న మచ్చలు పోల్చండి. మచ్చ చోటు మారితే కార్డు మారినట్టే.

గ్రేడింగ్‌కు పంపే ముందు లెక్క

కింది అంకెలు లెక్క చూపడానికి పెట్టినవి, మీ కార్డుకు మీ అంకెలు వేసుకోండి. గ్రేడు లేని కార్డు 60 డాలర్లు, గ్రేడింగ్ ఫీజు 25, పోస్టు, ఇన్సూరెన్స్ కలిపి 8. మొత్తం 93. గ్రేడు 10 వస్తే 180కి, 9 వస్తే 70కి, 8 వస్తే 45కి అమ్ముడవుతుందనుకుందాం. బాగా పరీక్షించి పంపిన కార్డుల్లో నూటికి 40 పదులు, 45 తొమ్మిదులు, 15 ఎనిమిదులు వచ్చాయనుకుంటే సగటున ఒక్కో కార్డుకు 110 డాలర్ల పావలా. ఈబే తీసుకునే సుమారు 13 శాతం పోతే చేతికి 96. మిగిలేది 3 డాలర్లు. కార్డు తిరిగొచ్చేలోపు ధరలు పావు వంతు పడితే చేతికి వచ్చేది 72, నష్టం 21.

ఈ లెక్కలో మనం ఆశపడే 180 ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. 9 వచ్చినప్పుడు ఖర్చు కూడా వెనక్కి రాదన్న సంగతి పంపే ముందే చూసుకోవాలి. ఇంకొకటి, గ్రేడు వచ్చాక కార్డు విలువ మీరు ఎంచుకున్న సర్వీసు పరిమితి దాటితే సంస్థ అదనపు ఫీజు వేస్తుంది. ఇండియా నుంచి గ్రూపు సబ్మిషన్‌లో (పలువురి కార్డులు కలిపి ఒకేసారి) పంపేవాళ్లు రానూపోనూ షిప్పింగ్, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ సుంకం, జీఎస్టీ ఈ 93లో కలుపుకోవాలి. అవి కలిపాక చవక కార్డులు పంపడం చాలాసార్లు గిట్టదు.

విప్పని బాక్సుల మోజు

2021 డిసెంబరులో యూట్యూబర్ లోగన్ పాల్ పోకేమాన్ ఫస్ట్ ఎడిషన్ బాక్సుల సీల్డ్ కేసు అని 35 లక్షల డాలర్లకు కొన్నాడు. మరుసటి నెల షికాగోలో నిపుణుల ముందు విప్పితే లోపల పోకేమాన్‌కు సంబంధం లేని జీ.ఐ. జో కార్డులున్నాయి. ముందుగా పరిశీలన జరిగి, సరైనదని తేలిన కేసు అది. అంత డబ్బు పెట్టిన చోటే అలా జరిగింది, మన స్థాయిలో ఆన్‌లైన్‌లో కొనే విడి ప్యాకెట్ సంగతి ఆలోచించండి. పాత ప్యాకెట్లలో హోలో ఉన్నది కొంచెం బరువెక్కువ. చిన్న తూకం మీద పెట్టి బరువైనవి విప్పుకుని, తేలికైనవి అమ్మడం ఏళ్లుగా నడుస్తోంది. పాత విడి ప్యాకెట్ దొరికిందంటే దానికి తూకం అయిపోయిందనే అనుకోండి.

లైవ్‌లో బాక్సు విప్పి టీముల వారీగా స్లాట్లు అమ్మే బ్రేకుల్లో పాల్గొనే ముందు అన్ని స్లాట్ల ధరలూ కూడండి. 30 స్లాట్లు సగటున 20 డాలర్లయితే 600. అదే బాక్సు షాపులో 400 ఉంటే, మొదటి ప్యాకెట్ చింపకముందే మూడో వంతు పోయింది.

మన ఊళ్లలో

హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఫ్యాన్సీ షాపుల్లో, స్కూళ్ల పక్క కొట్లలో బంగారు రంగు ప్లాస్టిక్ పోకేమాన్ కార్డులు 55 ఉన్న డబ్బాలు వేలాడుతుంటాయి. అవన్నీ నకిలీలే. పిల్లలు ఆడుకోవడానికి కొనివ్వండి, ఏం పరవాలేదు. వాటిని గ్రేడింగ్‌కు పంపాలా అని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. కంపెనీ లోహపు కార్డులు తీసుకురాకపోలేదు, కానీ అలా డబ్బాకు 55 చొప్పున ఎప్పుడూ ఇవ్వలేదు.

అసలు కార్డులు డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు వాటిని చేతి సంచిలోనే పెట్టించుకోండి, చెకిన్ పెట్టెలో వద్దు. ప్యాకింగ్ ఇలా: కార్డు మెత్తని స్లీవ్‌లో, స్లీవ్ 35 పాయింట్ మందం కార్డులకు సరిపోయే టాప్‌లోడర్‌లో (గట్టి ప్లాస్టిక్ తొడుగులో), పైనోరు మీద పెయింటర్స్ టేపు ఒక ముక్క. మామూలు సెల్లోటేపు వద్దు, తీసేటప్పుడు జిగురు కార్డుకు అంటుకుంటుంది. టాప్‌లోడర్‌ను రెండు అట్టముక్కల మధ్య పెట్టి, అట్టల అంచులు మాత్రమే టేపుతో కట్టాలి. రబ్బరుబ్యాండు వేస్తే ఎండలో కరిగి అంటుకుంటుంది, బిగుతుకు అంచు నొక్కుకుపోతుంది. గ్రేడింగ్‌కు పంపేవాటికి మాత్రం గట్టి టాప్‌లోడర్ బదులు వంగే సెమీ రిజిడ్ హోల్డర్ వాడాలి, అక్కడ తీసేవాళ్ల చేతిలో మూల నలగకుండా.

దాచడంలో మన వాతావరణమే పెద్ద శత్రువు. హోలో కార్డుకు ముందువైపు రేకు పొర, వెనక కాగితం. విశాఖ, కాకినాడ తేమకు కాగితం నీరు పీల్చి సాగుతుంది, రేకు సాగదు. కార్డు ముందువైపుకు దోనెలా వంగుతుంది. మే నెల హైదరాబాద్ పొడి గాలిలో కాగితం బిగుసుకుని కార్డు వెనక్కి వంగుతుంది. వంగిన కార్డును పుస్తకాల కింద నొక్కకండి, ఉపరితలం మీద అచ్చు పడుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బా, లోపల తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్, తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండేలా రంగు మారే రకం సిలికా జెల్ పొట్లాలు, ఇవి చాలు. కొన్ని వారాల్లో కార్డు చాలావరకు దానంతటదే చదునవుతుంది. వర్షాకాలంలో సిలికా రంగు మారగానే పొట్లాలు మార్చాలి. ఆల్బమ్ కావాలంటే పాలీప్రొపిలీన్ పేజీలున్నది, జేబులు పక్కనుంచి తెరుచుకునేది, మధ్యలో రింగులు లేనిది చూసుకోండి. గుండ్రటి రింగుల బైండర్ మూసినప్పుడల్లా రింగు లోపలి వరుస కార్డుల అంచు మీద ఆని నెలవంకలాంటి గుంట చేస్తుంది. పీవీసీ పేజీలు కొన్నాళ్లకు జిగటగా మారి కార్డు మెరుపును లాగేస్తాయి. పేజీ కొత్తగా ఉన్నప్పుడే ఘాటైన ప్లాస్టిక్ వాసన వస్తే అది పీవీసీ అనుకుని పక్కన పెట్టండి.